చూడ్డానికి వచ్చిన అక్క

క్షయ అంటే ఊపిరితిత్తులకు వచ్చే జబ్బనే నేను ముప్పై నాలుగేళ్ళ వరకూ అనుకున్నాను. వెన్నెముకకు కూడా వస్తుందని నా వెన్నెముకే నాకు నేర్పింది. మందులు వదలకుండా వాడితే నయమవుతుంది. నాకు నయమైంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. అలాంటి జబ్బుతో మంచంలో పడుకుని దీన్ని చదివేవాళ్ళెవరైనా ఉంటే చివరిదాకా బిక్కుబిక్కుమంటూ చదవనక్కర్లేదు.

అయితే నేను రాయాలనుకున్నది జబ్బు గురించి కొంతే. ఆ జబ్బులో నన్ను చూసుకున్న మా అక్క సరోజమ్మ గురించి రెండేళ్ళ క్రితం కుప్పంలో ఒక సభలో మాట్లాడాను. చాలామంది విన్నారు. కొందరు ఆ మాటల్ని ఇంకా తలుచుకుంటున్నారని తెలిసింది. అందులో ఒకటి అబద్ధం. దాన్ని సరిచేయాలి.

1996, వానలు మొదలైనప్పుడు

అప్పట్లో మదనపల్లె దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పేవాణ్ణి. నా భార్య వసంత రెండో కాన్పుకని కుప్పంలో పుట్టింటికి వెళ్ళింది. పెద్దమ్మాయినీ వెంట తీసుకుపోయింది. ఇంట్లో నేనొక్కణ్ణే. వీపు మధ్యలో నొప్పి పట్టుకుంది. స్కూల్లో కుర్చీ సరిగా లేదనుకున్నాను, బస్సు కుదుపులనుకున్నాను, కొబ్బరినూనెలో కర్పూరం వేసి కాచి రాసుకున్నాను. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కొంచెం వెచ్చబడేది. దానికి వానలు కారణమనుకున్నాను.

ఒకరోజు అంగళ్లు అనే ఊళ్ళో బస్సు దిగి నడుస్తున్నాను. వెనకనుంచి పూలమ్మే ఆమె కేకేసింది.

"ఓ సారూ! నీ సెప్పు ఈడే ఉండాది. ఒంటి సెప్పుతో యాడికి పోతాండావు?"

తిరిగి చూస్తే నా ఎడమకాలి చెప్పు దూరంగా బురదలో బోర్లా పడి ఉంది. అది ఎప్పుడు జారిపోయిందో తెలియదు. తడినేల మీద అడుగు వేస్తున్నా చల్లదనం తెలియడం లేదు. ఆమె నవ్వుతూ చెప్పు తెచ్చిచ్చింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే వంగి ఆ పాదాన్ని గిల్లి చూసుకున్నాను.

తర్వాత జరిగిందంతా తొందరగానే జరిగింది. మిషన్ ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చోవడం, పిలుపు కోసం చెవులు రిక్కించడం, ఎక్స్‌రే ఫోటోలు తీయించుకోవడం, మళ్ళీ అదే బల్ల. ఆ బల్ల మీద కూర్చున్నవాళ్ళు ఒకరి జబ్బు ఒకరు అడిగి తెలుసుకుంటారు. తమకన్నా చిన్న జబ్బు ఉన్నవాణ్ణి చూసి అసూయపడతారు. నేనూ పడ్డాను. నా వంతు వచ్చేనాటికి గోడ పట్టుకోకుండా లోపలికి పోలేకపోయాను. వెల్లకిలా పడుకోవాలి, నెలల తరబడి కదలకూడదు అన్నారు డాక్టరు.

"కాళ్ళు మళ్ళీ వస్తాయా సార్?"

"వస్తాయి. తొందరపడితే రావు."

మంచానికి పక్కన ఒక మనిషి ఎప్పుడూ ఉండాలన్నారు. నాకు అమ్మ లేదు, నాన్న లేడు. వసంతకు ఆపరేషన్ చేసి బిడ్డను తీశారని అదే వారంలో కబురొచ్చింది. మరునాడు పొద్దున పుంగనూరు బస్సు దిగి, గుడ్డసంచిలో రెండు చీరలు పెట్టుకుని మా అక్క వచ్చింది.

అక్క నాకన్నా ఐదేళ్ళు పెద్దది. పుంగనూరు దగ్గర పల్లెలో ఉండేది. బావ నాగప్పకు కొంచెం చేను. అక్కకు ఆ ఊరి అంగన్‌వాడీ కేంద్రం. పదో తరగతి వరకే చదివినా ఊళ్ళో అందరూ ఆమెను 'టీచరమ్మా' అనే పిలిచేవాళ్ళు. బావ కూడా ఎగతాళికి అలాగే పిలిచేవాడు. కేంద్రం తాళంచెవి ఆయాకు ఇచ్చి "వారం దినాల్లో వచ్చేస్తా" అని చెప్పి వచ్చిందట. నన్ను పైనుంచి కిందిదాకా చూసి అంది.

"ఏంరా సీనా, పడుకోని సంపాదించే ఉద్యోగం దొరికిందే నీకు!"

వార్డులో

ఆసుపత్రిలో రోగికి పేరుంటుంది. పక్కన ఉండే మనిషికి ఉండదు. మా వార్డు నర్సు రూతమ్మగారు మంచి మనసున్న మనిషి, అయినా ఆవిడా అందరిలాగే పిలిచేది. "పద్నాలుగో బెడ్ తాలూకు ఎవరమ్మా? మందులు తీసుకోండి." అక్క కింద నుంచి లేచి కొంగు దులుపుకుని "నేనేనమ్మా" అనేది. తర్వాత నాతో అనేది, "మదనపల్లి తాలూకా, పద్నాలుగో బెడ్ తాలూకు. అడ్రసు బాగుండాది గదరా!"

కింద నుంచి అన్నాను కదా, నిజంగా కిందే. నా మంచం కింద చాప పరుచుకుని పడుకునేది. నేను పైన, ఆమె కింద, మధ్యలో ఇనుప పట్టీలు. మాటలు వాటిగుండా పైకీ కిందికీ నడిచేవి.

మగవాడికి, అందులోనూ పిల్లలకు పాఠం చెప్పే మగవాడికి, ఒళ్ళు తుడిపించుకోవడం, ఇంకొకరి చేత్తో మరుగుపని చేయించుకోవడం ఎలా ఉంటుందో రాయను. పడ్డవాళ్ళకు తెలుసు. మొదటిసారి నేను ఏడ్చాను. అక్క నా ముఖం వైపు చూడకుండా పని చేసుకుంటూ అంది.

"నువ్వు కండ్లు మూసుకో, నేను గూడా మూసుకుంటా. సిన్నప్పుడు నీకు గోచీ పెట్టింది నేనే. ఇంక కొత్తగా సూసేది ఏముండాది?"

ఆసుపత్రి వెనక ఒక రేకుల కొట్టం ఉండేది. రోగుల తాలూకు మనుషులంతా అక్కడ రాళ్ళపొయ్యిల మీద వంట చేసుకునేవాళ్ళు. నేను ఆ కొట్టాన్ని ఎన్నడూ చూడలేదు. కానీ అక్క చెప్పగా చెప్పగా నాకు మా స్కూలు కన్నా బాగా తెలుసు. పెద్దమండ్యం నుంచి ఒక పెద్దాయన వచ్చి ఉన్నాడు. ఆయన భార్య ఆడవాళ్ళ వార్డులో. ఆయనకు అన్నం వార్చడం రాదు. అక్క నేర్పింది. ఆయన బదులుగా కట్టెలు కొట్టి ఇచ్చేవాడు. ఒకరోజు మంచి వాన పడింది. కొట్టంలో అందరూ సంతోషపడుతుంటే ఆయన ఒక్కడే మూలన కూర్చున్నాడట. అడిగితే, "వాన పడింది తల్లీ. ఇత్తనం యాడ పడింది? సేను ఆడ, నేను ఈడ" అన్నాడట. ఆ ఏడు ఆయన చెనక్కాయ విత్తలేదు.

ఆ మాట విన్నప్పుడు నాకు నా పాఠం గుర్తొచ్చింది. ఏటా తొమ్మిదో తరగతికి రాజ్యాంగం చెప్పేవాణ్ణి. ఆదేశిక సూత్రాల్లో నలభై ఒకటో అధికరణం. రాజ్యం తన స్తోమతకు లోబడి, నిరుద్యోగంలో, ముసలితనంలో, అనారోగ్యంలో, అంగవైకల్యంలో మనుషులకు ప్రభుత్వ సహాయం అందేలా చూడాలి. కోర్టుకు పోయి గట్టిగా అడగలేం కానీ పరిపాలనకు అది పునాది. ఈ వాక్యాన్ని ఎన్ని తరగతులకు కంఠతా పట్టించానో. ఇప్పుడు అందులోని రెండు మాటల కింద నేనే పడి ఉన్నాను. మంచం మీద నుంచి ఆ పాఠం అక్కకు చెప్పాను.

"బాగుండాది. దాంట్లో మంచం కింద పండుకునేవాళ్ళ సంగతి ఏమన్నా ఉండాదా?"

"లేదక్కా."

"అయితే సగం పాఠమే. మిగతా సగం రేపు చెప్పు, నిద్రొస్తాండాది" అని అటు తిరిగి పడుకుంది.

బావ అప్పుడప్పుడు వచ్చేవాడు. ఇంట్లో వాళ్ళమ్మకు ఆయనే వండిపెడుతున్నాడు. "సంగటి కెలికేది వచ్చేసిందప్పా నాకు. ఎంత గట్టిగా వస్తాందంటే, ఇంకో నాలుగు ముద్దలు చేస్తే పెరటి గోడ లేపేస్తా" అని నవ్వించేవాడు. వరండాలోకి పోయాక మాత్రం గొంతు తగ్గించి అక్కను అడిగేవాడు, "ఎప్పుడొస్తావే?" నాకు వినబడేది. అక్క జవాబు ఎన్నడూ వినబడలేదు.

వసంత బిడ్డను ఎత్తుకుని వచ్చేసరికి చలికాలమైంది. నా జబ్బు దగ్గుతో అంటేది కాదని డాక్టరు నచ్చజెప్పాక గానీ వాళ్ళమ్మ పంపలేదు. లోపలికి వస్తూనే అక్క నాకు గడ్డం గీస్తుండడం చూసి వసంత గడపలోనే ఆగిపోయింది. కుట్లు నొప్పి, ప్రయాణం, నా కాళ్ళు, అన్నీ కలిసి కోపంగా మారాయి.

"ఇంక నేనుంటా వదినా. నేనేమన్నా పరాయిదాన్నా? నువ్వు ఊరికి పో."

అక్క బ్లేడు కడిగి పక్కన పెట్టింది. "పరాయిదానివని ఎవరన్నారు? నువ్వు వంగి ఈయన్ని పక్కకు తిప్పు సూస్తాము. తిప్పగలిగితే ఇప్పుడే బస్సెక్కుతా."

వసంత ప్రయత్నించింది. కుట్ల మీద చెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయింది. అక్క ఇంకేమీ అనకుండా బిడ్డను తీసుకుని నా గుండెల మీద పడుకోబెట్టింది. "నువ్వు గూడా ఊరికే పడుకోనుండావు. ఇదిగో పని. ఈ బిడ్డను సూసుకో" అంది. నా చేతులు బాగానే ఉన్నాయి కదా. వాడు నా ఊపిరితోపాటు లేస్తూ దిగుతూ నిద్రపోయాడు. వాడు కదిలితే నేను జోకొట్టాను. ఆ జబ్బుకాలమంతటిలో నేను మనిషినని అనిపించిన మధ్యాహ్నం అదే.

1997

సంక్రాంతి సెలవుల తర్వాత ఒక ఆదివారం మా హెడ్మాస్టరుగారు ఇద్దరు టీచర్లతో వచ్చారు. రొట్టె, అరటిపళ్ళు తెచ్చారు. స్కూలు కబుర్లు చెప్పారు. కొంచెంసేపయ్యాక నా వైపు వంగారు.

"శ్రీనివాసులూ, నీ మేలు కోరి చెప్తున్నా. ఎవరన్నా అడిగితే లేచి తిరుగుతాండా అని చెప్పు. మనిషి సాయం లేనిదే కదల్లేడని ఎవరి నోటన్నా పడిందంటే మెడికల్ బోర్డు దాకా పోతుంది. ఉద్యోగానికి పనికిరావని తేల్చేస్తే తర్వాత నేనేం చేసేదీ లేదు."

ఆయన ప్రేమతోనే చెప్పారు. అప్పటికి నా కుడికాలి బొటనవేలు కదులుతోంది. అంతే.

సరిగ్గా అప్పుడే వార్డులోకి నీలంచీర కట్టుకున్న ఒకామె వచ్చింది. అక్క పనిచేసే కేంద్రాలకు సూపర్‌వైజరు, విమలమ్మగారు. పుంగనూరు నుంచి బస్సులో వచ్చింది. అక్క అప్పుడే నా కింద పెట్టే బేసిన్ కడిగి గుమ్మంలోకి వచ్చి, ఆమెను చూసి, బేసిన్‌ను వెనక్కి దాచుకుని నిలబడింది.

విమలమ్మగారు నాకు నమస్కారం చేసింది. "మీరు గవర్నమెంటు టీచరు కాబట్టి మీ మాట తీసుకుంటా సార్. సెంటరు చాన్నాళ్ళుగా ఆయాతోనే నడస్తాండాది. మా ఆఫీసులో చెప్పాల. మీ అక్క మిమ్మల్ని సూసేదానికి వచ్చిందా, సూసుకునేదానికి వచ్చిందా?"

తెలుగులో రెండు మాటల మధ్య తేడా ఇంత చిన్నదిగా, ఇంత పెద్దదిగా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. హెడ్మాస్టరుగారు అరటిపండు ఒలుస్తున్నవారు ఆగారు. టీచర్లిద్దరూ నా వైపే చూస్తున్నారు. నేను గోడ వైపు ముఖం తిప్పుకున్నాను.

"చూడ్డానికే వచ్చింది మేడం. నాకేం, బాగానే ఉన్నాను. ఒకటి రెండు రోజుల్లో వెళ్ళిపోతుంది."

తర్వాత అక్క గొంతు వినబడింది. "వచ్చినదానివి కాపీ తాగిపోదువు రామ్మా" అంటూ ఆమెను బయటికి తీసుకుపోయింది.

అక్క ఒకటి రెండు రోజుల్లో పోలేదు. ఇంకా చాలా నెలలు ఉంది. ఎండాకాలంలో ఒకసారి బావ వచ్చి, కేంద్రానికి వేరే అమ్మాయిని పెట్టినారని చెప్పాడు. అక్క నా గోళ్ళు తీస్తోంది. "అట్లనా" అంది. ఇంకో వేలు పట్టుకుంది.

విమలమ్మగారు వచ్చిపోయిన రోజు నుంచి ఒక హాస్యం మాత్రం మొదలుపెట్టింది. నన్ను పక్కకు తిప్పేటప్పుడు, వీపుకు పౌడరు రాసేటప్పుడు, తడిసిన దుప్పటి మార్చేటప్పుడు, "సూసిపోదామని వచ్చినా. ఇంగా సూస్తానే ఉండా" అనేది. నేను నవ్వేవాణ్ణి. నవ్వేవాణ్ణి, నిజమే.

ఇంకొక చిన్న సంగతి. ఆ ఆదివారం తర్వాత రెండు మూడు రోజులు నాకు ఏం తిన్నా రుచి తెలియలేదు. పప్పు చప్పగా, రసం నీళ్ళలాగా. అక్కను అడిగితే "మాత్రల దెబ్బ. నాలిక సచ్చింటాది" అంది. రూతమ్మగారిని అడిగితే ఆ మందులకు కొందరికి అలా అవుతుందని, భయపడొద్దని చెప్పింది. తర్వాత ఒక పూట ఉన్నట్టుండి రుచి తిరిగి వచ్చింది. జబ్బు మలుపు తిరిగిందని దేవుడికి దండం పెట్టుకున్నాను.

నిజంగానే మలుపు తిరిగింది. ఆ వానాకాలానికి కూర్చున్నాను. తర్వాత చంకకర్రలతో లేచాను. మొదటిసారి నిలబడ్డప్పుడు నేల ఇంత దూరంగా ఉంటుందా అనిపించింది. అక్క నా ముందు వెనక్కి నడుస్తూ, చేతులు చాపి, కేంద్రంలో పిల్లలకు నడక నేర్పేటప్పటి పాట పాడింది. వార్డంతా నవ్వింది. పెద్దమండ్యం పెద్దాయన కూడా గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టాడు. 1998 జూన్‌లో స్కూలుకు పోయాను. బోర్డు, పరీక్ష, ఏవీ రాలేదు. నా ఉద్యోగం నిలిచింది.

కుప్పం

కొన్నేళ్ళకు కుప్పానికి బదిలీ అయింది. వసంతకు పుట్టిల్లు దగ్గర, నాకు బస్సు ప్రయాణం తప్పింది. తమిళం, కన్నడం, తెలుగు ఒకే వాక్యంలో మాట్లాడే ఆ ఊళ్ళో పిల్లలకు మళ్ళీ అదే నలభై ఒకటో అధికరణం. ఈసారి పాఠంలో మా అక్క మాట కూడా కలిపేవాణ్ణి: మంచం కింద పడుకునేవాళ్ళ సంగతి రాయలేదు, సగం పాఠమే ఉంది. పిల్లలకు నచ్చేది. అలా పేరొచ్చి 2006లో వికలాంగుల కుటుంబాలు పెట్టుకున్న ఒక సభలో మాట్లాడమన్నారు.

బాగా మాట్లాడాను. వంట కొట్టం గురించి, విత్తనం వేయలేకపోయిన పెద్దాయన గురించి చెప్పాను. ముప్పై తొమ్మిదో అధికరణం బతుకుతెరువు అంటుంది, నలభై ఒకటి సహాయం అంటుంది, రోగిని చూసుకుంటూ బతుకుతెరువు పోగొట్టుకున్న మనిషి ఈ రెండింటి మధ్య సందులో పడిపోతోంది అన్నాను. "తెలుగులో చూడటం వేరు, చూసుకోవడం వేరు. వండుకోవడం, కట్టుకోవడం, ఇవన్నీ మన కోసం మనం చేసే పనులు. మరి ఇంకొకరిని చూసుకోవడం అని ఎందుకంటాం? వాళ్ళు మనమే కాబట్టి. ఈ రాజ్యం మనల్ని చూస్తోంది, చూసుకోవడం లేదు!" అన్నాను. చప్పట్లు. ఆ ఊపులో అన్నాను: "నన్ను చూసుకున్నందుకు మా అక్క ఉద్యోగాన్ని ఈ రాజ్యమే ఊడబెరికింది!" ఇంకా పెద్ద చప్పట్లు.

సభ అయ్యాక జనం సద్దుమణిగేదాకా ఆగి, జుట్టు నెరిసిన ఒకామె దగ్గరికొచ్చింది.

"గుర్తుపట్టినారా సార్? విమలమ్మను. రిటైరైపోయి ఈడే కూతురి కాడ ఉండాను."

"బాగున్నారా మేడం?"

"ఉండాను. బాగా మాట్లాడినారు. సూడటం, సూసుకోవడం. ఆ మాటలు యాడ దొరికినాయి సార్ మీకు?"

"ఊరికే తట్టాయి మేడం."

ఆమె నవ్వలేదు. "ఊరికే యాల తడతాయి? మీ మంచం కాడ నిలబడి నేనే గదా అడిగినా."

అంగళ్లులో చెప్పు జారినట్టే ఆ ప్రశ్న నా జ్ఞాపకంలోంచి జారిపోయి ఉంది. ఒంటి చెప్పుతో ఇన్నేళ్ళు నడిచాను, చల్లదనం తెలియకుండా.

ఆమె నెమ్మదిగా చెప్పింది. "ఆ దినం సెలవు రాయించాలనే వచ్చినా సార్. జీతం లేకుండా అయినా పోస్టు నిలబడతాదని పెద్దమేడం ఒప్పుకోనుండె. మీ నోట ఒక్క మాట చాలుండె. బయటికి పోయినాక మీ అక్కను గూడా అడిగినా. తమ్ముడు సిగ్గుపడి చెప్పినట్టుండాడు, నువ్వు చెప్పు సరోజమ్మా అని. ఏమనిందో తెలుసా? 'మావాడు సదువుకున్నోడమ్మా, అబద్ధం చెప్పడు' అనింది."

ఆమె వెళ్ళిపోయింది. నా మెడలో సభవాళ్ళు వేసిన దండ ఉంది. అది తీసి ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు.

రోగులను చూసుకునేవాళ్ళను ఆదుకోవడం రాజ్యం బాధ్యత అని నేను సభలో అన్నదాంట్లో తప్పు లేదు. ఇప్పటికీ అంటాను. పెద్దమండ్యం పెద్దాయన పోగొట్టుకున్న అదును ఆయన ఒక్కడి నష్టం కాకూడదు. కానీ మా అక్క విషయంలో రాజ్యం నీలంచీర కట్టుకుని, పుంగనూరు బస్సెక్కి వచ్చి, నా పక్కన నిలబడి అడిగింది. లేదన్నది నేను. నా ఉద్యోగం పోతుందన్న భయం కొంత, అక్క చేత మరుగుపని చేయించుకుంటున్నానని నలుగురికి తెలుస్తుందన్న సిగ్గు కొంత. ఏది ఎక్కువో ఇన్నేళ్ళ తర్వాత తూచి చెప్పలేను. ఒక సంగతి మాత్రం రాజ్యం నడిపేవాళ్ళకు చెప్పాలి. ఒక మనిషి బతుకుతెరువును ఒక రోగి నాలుకకు వేలాడదీయకండి. భయపడ్డవాడు నిజం చెప్పడు. మమ్మల్ని అడగడం మాని, వంగి మంచం కిందకు చూడండి. మంచంలో ఉన్నవాళ్ళకూ ఒక మాట. ఎవరైనా అడిగితే మీ పక్కనున్న మనిషి పేరు చెప్పండి. గోడ వైపు తిరక్కండి.

పుంగనూరు దారి

ఆ తర్వాతి ఆదివారం అక్క దగ్గరికి పోయాను. అంగన్‌వాడీ కేంద్రం బస్సాగే చోటికి నాలుగిళ్ళ అవతలే. అక్క ఇంటికి ఆ దారే దగ్గర. గడపలో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది.

"ఏంరా సీనా, సూసిపోదామని వచ్చినావా?"

నేను ఆమె ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. సభ, చప్పట్లు, విమలమ్మగారు. అక్క ఒలవడం ఆపలేదు.

"ఆమెకు నువ్వన్నా నిజం చెప్పుండచ్చు కదక్కా?"

"మీ హెడ్మాస్టరు ఆడే కూసోనుండె. నువ్వు గోడకల్లా తిరిగినావు. నీ మెడ ఎట్ల వణికిందో నేను సూసినా. రెండు ఉద్యోగాల్లో ఒకటి పొయ్యేదానికే వచ్చిండాది అనుకున్నా. నీకు ఇద్దురు బిడ్డలు."

"నీకు కోపం రాలేదా?"

"రాలేదని ఎవురన్నారు?" చేతిలోని కాయ చిట్లింది. "మొదట్లో పల్లెలో టీచరమ్మా అనే అంటాండిరి. తర్వాత సరోజమ్మ అనిరి. ఇప్పుడు కొత్తగా వచ్చిన కోడండ్లకు నేను నాగప్ప పెండ్లాన్ని. ఆ సెంటరు ముందర నుంచి నేను పోనురా. పిల్లోళ్ళు పాట పాడతాంటారు. సుట్టు తిరిగి పోతా."

ఒలిచిన గింజల్ని ఒక పక్కకు, పొట్టును ఒక పక్కకు తోశాను. కాసేపటికి ఆమే నవ్వడం మొదలుపెట్టింది.

"కోపమొచ్చి ఏం చేసినానో తెలుసునా? నీ పప్పులో ఉప్పెయ్యలా. రసంలో గూడా. నువ్వేమో ఆ నర్సమ్మను పిలిచి, నాలిక పోయింది నాలిక పోయింది అని! ఆయమ్మ నాకు ధైర్యం చెప్పింది!"

"ఆ రెండు మూడు రోజులూ...?"

"ఆమాత్రం గూడా చెయ్యకూడదా? తర్వాత చప్పిడిగా తింటాంటే పాపమనిపించి ఏసినా. నువ్వు చేతులెత్తి దండం పెట్టుకుంటివి."

లోపలి నుంచి బావ కూడా నవ్వుతున్నాడు. ఆయనకు ముందే తెలుసని అర్థమైంది. నా రోగం తగ్గిందనడానికి నేను దాచుకున్న మొదటి గుర్తు అది. అది కూడా ఆమె చేతిలోదే.

"నేనిప్పుడు ఏం చెయ్యాలక్కా?"

"సభలో చెప్పినావు గదా, మళ్ళా ఆడే చెప్పు, అది తప్పని. నాకు కాదు. లే, కాళ్ళు కడుక్కో, సంగటి తిందువు."

ఆ సభ మళ్ళీ జరగలేదు. అందుకే ఇలా రాస్తున్నాను.

సంగటి, పప్పు, పక్కన ఊరుబిండి పచ్చడి పెట్టింది. ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. పప్పు అద్దుకుని ఒక ముద్ద మింగాను. ఇంకోటి మింగాను. పప్పులో ఉప్పు లేదు. తల వంచుకుని తింటూ పోయాను.

"ఎట్లుండాది?"

"చాలా బాగుందక్కా."

ఆమె నన్ను ఒక క్షణం చూసింది. తర్వాత పక్కనున్న ఉప్పుచిప్పను నా విస్తరి దాకా జరిపింది.

"అబద్ధాలు చెప్పేది ఇంగా మాన్లేదురా నువ్వు."